షెడ్డు నుంచి ఇంటికొచ్చిన తెర

మా క్యాంపులో ముసలయ్య బాబాయంత జాగ్రత్త మనిషి లేడు. గట్టు మీద ఎవరి పార కనిపించినా తెచ్చి తన వసారాలో పెడతాడు. అడగబోతే "వానకి తుప్పు పట్టదురా?" అని మననే కసురుతాడు. ఆ జాగ్రత్త చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటానికి కూడా ఓపిక లేదు.

ఆంధ్రా నుంచి కర్ణాటక వలసొచ్చిన రైతుల క్యాంపు మాది, సింధనూరు అవతల కాలవ చివరి పొలాలు. ఈసారి వరి ఇంకా వెన్ను తీయక, పొట్ట మీదుండగా నీళ్ళు ఆగిపోయాయి. అధికారులేమో వదిలామంటారు. బాబాయి కొడుకు ధర్మతేజ ముందుచూపున్నవాడు. పాతిక కిలోమీటర్ల దూరంలో, మా కాలవకి నీళ్ళు వదిలే తూము దగ్గరి షెడ్డులో ఓ పాత కంప్యూటరుకి లినక్స్ ఎక్కించి, రోజూ నీటిమట్టం నమోదయ్యేలా పెట్టాడు. ఇంట్లో బ్రౌజరు తెరిస్తే అక్కడి తెర ఇక్కడ కనబడేది. సోమవారం పదకొండింటికి సింధనూరులో మీటింగు. ఆ ఉదయం దాకా ఉన్న పట్టిక తెస్తే మాకు ఒక తడికి సరిపడా నీళ్ళు ఇస్తామన్నారు.

ఆ సోమవారం పొద్దున ఏడింటికి తేజ బ్రౌజరు తెరిచాడు. పాస్‌వర్డు తీసుకుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. బ్రౌజరు మార్చాడు, ఫోన్ నెట్టు పెట్టి చూశాడు. అదే నలుపు.

"ఒరేయ్, బండేసుకుని పోదాం పద," అన్నాను.

"ఇప్పుడొచ్చేస్తుంది అన్నయ్యా, ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషం పదింటిదాకా సాగింది. బాబాయి గోనెపట్టా కప్పిన సామానుకి ఆనుకుని కూర్చుని, దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు. చివరికి తేజ తూము కాపలా ఉండే హనుమేశ్‌కి ఫోన్ చేశాడు.

"డబ్బా ఆన్‌లనే ఉంది సార్, లైటు గిట్ల ఎలుగుతుంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, గంతే."

"తెర మీద ఏముందో చూడన్నా."

"తెర ఏడిది? నిన్న మీ నాయన తీస్కపోయిండు గదా!"

తేజ వెనక్కి తిరిగాడు. బాబాయి అప్పటికే లేచి గోనెపట్టా తొలగిస్తున్నాడు. కింద మానిటరు, శుభ్రంగా తుడిచి ఉంది.

"అక్కడ దాన్ని చూసేవాళ్ళే లేరు కదరా. దొంగలెత్తుకుపోతారని..."

"కరెంటు పోయొచ్చాక తెర లేకుండా లేస్తే ఆ కంప్యూటరు బొమ్మ చూపించదు నాన్నా!" అంటూ తేజ ఏడ్చేశాడు. అక్కడి తెరకీ ఇక్కడి తెరకీ సంబంధం ఉంటుందని ఆ పెద్దాయనకేం తెలుసు?

మానిటరు బండికి కట్టుకుని పరిగెత్తాం. తగిలించి లేపగానే బొమ్మ వచ్చింది, పన్నెండు రోజుల సున్నాలతో సహా. సింధనూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. మా తడి పై ఊళ్ళకి రాసేశారు. కాళ్ళావేళ్ళా పడ్డాం. "వచ్చే తడికి చూద్దాం" అన్నారు. పొట్టలోనే ఎండిపోయే వరికి వచ్చే తడి దేనికండీ?

ఎండిన పైరు మేయడానికి బాబాయి చేలో గొర్రెలు తోలారు, నా చేలో కూడా. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

నిన్న, అంతా అయ్యాక, వాన పడింది. ఆయన ఇంజను పైపు గట్టు మీదే తడుస్తోంది. సీతారావమ్మ పిన్ని "లోపల పెట్టండి" అంది.

"ఉండనీయవే," అన్నాడు బాబాయి. "ఏది తీస్తే ఏం పోతుందో నాకేం తెలుసు?"