మాస్టారు వెతికిన పేర్లు

మా లెక్కల మాస్టారు పోయారని పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసుకి వెళ్తూ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఉన్నాను. దిగేసి, ఆయన ఇంటివైపు వెళ్లే ఇంకో ఆటో ఎక్కాను.

రిటైరయ్యాక మాస్టారు, యూదుల కుటుంబ చరిత్రలు వెతికిపెట్టే ఒక సంఘానికి ఇంట్లోంచే పనిచేసేవారు. గుణదలలో కూర్చుని యూదుల గొడవేమిటని మేమంతా నవ్వేవాళ్లం. ఆయన పెదతాత రంగూన్ వెళ్లి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో తిరిగి రాలేదు. ఆ పెద్దాయన కోసం ఇంటర్నెట్‌లో గాలిస్తుంటే ఈ సంఘం తగిలింది. ఆ సంఘంలో కొందరి పెద్దలూ రంగూన్‌లో స్థిరపడి, ఆ యుద్ధంలోనే అక్కణ్నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. అడగ్గానే తమ దగ్గరున్న శరణార్థుల జాబితాలన్నీ పంపారు. పెదతాత దొరకలేదు. కానీ ఆ చేతిరాత జాబితాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మాస్టారు నెత్తినేసుకున్నారు.

ఆదివారాలు నేను సాయం వెళ్లేదాన్ని. ఆయన స్క్రీన్‌కి చెక్క స్కేలు ఆనించి ఒక్కో వరుస చదివితే నేను టైపు చేసేదాన్ని. తొందరపడితే, “మెల్లగా అమ్మాయ్, ఒక్కో వరుసా ఒక్కో మనిషి” అనేవారు.

ఆ పనిలో ఒక తప్పు జరిగింది. అది నాదే. మన అలవాటు కొద్దీ ముందు గడిలో ఇంటిపేరు, పక్క గడిలో పేరు వేసుకుంటూ పోయాను. వాళ్లకి పేరే ముందు. ఎన్నో పేజీలు అలా తారుమారయ్యాయి. సరిగ్గా అప్పుడే లండన్‌లో ఒక ముసలావిడ, రంగూన్ నుంచి నడిచొస్తూ దారిలో తప్పిపోయిన చెల్లెలి కోసం ఆ జాబితాల్లో వెతికించుకుంటోంది. ప్రతిసారీ లేదనే వచ్చింది. తప్పు తెలిసి మేం సరిదిద్దాక ఆ చెల్లెలి పేరు దొరికింది. ప్రాణాలతోనే ఒక శిబిరానికి చేరిందట. వెంటనే మెయిల్ పెట్టాం. బామ్మ పోయి పద్దెనిమిది రోజులైందని మనవరాలు జవాబిచ్చింది.

నేను ఏడుస్తుంటే, “టైపు చేసింది నువ్వు, చూసుకోవాల్సింది నేను. ఊరుకో” అని, తప్పు తనదేనని వాళ్లకి రాసేశారు మాస్టారు. ఆ తర్వాత ప్రతి పేరూ నాతో రెండుసార్లు చదివించుకునేవారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆయన పోయిన సంగతి సంఘానికి నేనే రాశాను. ఆ మనవరాలి దగ్గర్నుంచి జవాబొచ్చింది. పోయినవాళ్లని మర్చిపోలేదని సమాధి మీద చిన్న రాయి పెట్టడం వాళ్ల ఆనవాయితీ. “మా చిన్నబామ్మ ఆచూకీ ఆయన వల్లే తెలిసింది. మాస్టారి సమాధి ఎక్కడండీ? మా బామ్మ తరఫున ఒక రాయి పెడతారా?” అని అడిగింది. దహనం చేసి అస్థికలు కృష్ణలో కలిపామని రాశాను. “అయితే ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి” అని మళ్లీ రాసింది.

నిన్న సాయంత్రం ఒక గులకరాయి పట్టుకుని, అస్థికలు కలిపిన ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. నీళ్లు ఒకచోట నిలవడం లేదు. ఎక్కడని చెప్పను? చీకటి పడ్డాక రాయిని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని ఇంటికొచ్చేశాను.