క్యాసెట్ తిప్పిన చోట

పళ్ళ సెట్లు చేసే ల్యాబులో ఆవిడది కిటికీ పక్క బల్ల. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంది. అది గట్టిపడ్డాక గులాబీ రంగు మైనం పరిచి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెడుతుంది. ఇంకా ఎవరి నోటికీ చేరని నవ్వులు ఆ బల్ల మీద వరసగా ఆరుతూ ఉంటాయి. సాయంత్రం ఎంత రుద్ది కడుక్కున్నా గోళ్ళ సందుల్లో తెలుపు మిగిలిపోతుంది. వయసులో ఉన్నప్పుడు ఆ తెలుపు చూసే స్నేహితులు ఆవిడకి ‘సుద్దముక్క’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

ఒక ఆదివారం ఆవిడ బట్టలు మడతపెడుతుంటే పక్కగదిలోంచి పాట వినిపించింది. కూతురు ఫోనులో పెట్టుకుని తనూ గొంతు కలుపుతోంది. రెండో చరణం అయిపోగానే పిల్ల నాలుకతో ‘టక్’ మని చప్పుడు చేసి, మళ్ళీ పాట అందుకుంది.

చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

“ఆ టక్కు ఏమిటే?”

“పాటలోదేనమ్మా. అక్కడ అందరూ అలా అనాలి. అననివాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళని తెలిసిపోతుంది.”

ఎవరో పాత క్యాసెట్టు నెట్‌లోకి ఎక్కించారట. వినేవాళ్ళు వేలల్లో ఉన్నారట. ఊళ్ళో ఒక కుర్ర బ్యాండు ఈ శనివారం అదే పాట వాయించబోతోందట, టక్కుతో సహా. తన ఫోను దానంతట అదే ఈ పాట తెచ్చి చెవిలో పెట్టిందని పిల్ల సంబరపడిపోయింది. తల్లి గోడకి ఆనుకుని నిలబడింది. ఆ టక్కు తన బొటనవేలిది.

అప్పట్లో పాట చెవి దాకా నడిచి వచ్చేది కాదు. టైర్ల కొట్టు కింద ఒక సెల్లార్ ఉండేది. శనివారం సాయంత్రం ఆ కొట్టు షట్టరు నడుమెత్తున ఆగి ఉంటే లోపల పాట ఉన్నట్టు. నేల దాకా దిగి ఉంటే లేనట్టు. ఎంతటివాళ్ళైనా నడుం వంచి దూరవలసిందే. లోపల రబ్బరు వాసన, చెమట వాసన, ఒక్క బల్బు. ముగ్గురు వాయించేవాళ్ళు. పాడేవాడి గొంతు ఇసుక కాగితంలా ఉండేది కనక అతన్ని అందరూ బొంగురు అనేవాళ్ళు. ఆవిడ తల్లి ఒకసారి ఆ క్యాసెట్టు విని, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం, చెవులు పోగొట్టుకోవడానికి ఏ పాటైతేనేం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అన్నయ్య టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, పడేసిన టైరు మీద కూర్చుని పాటలు ఎక్కించడం ఆవిడ పని. ఆ పనికి ఆవిడని ఎవరూ పెట్టలేదు. ఎవరూ తీసెయ్యనూ లేదు.

ఆ సాయంత్రం బొంగురు కొత్త పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం చివర్లో క్యాసెట్టు ఒక వైపు అయిపోయి బటను ఎగిరింది. ఆవిడ మూత తీసి తిప్పబోయింది. వేళ్ళకి ప్లాస్టర్ పొడి, పైగా చెమట. క్యాసెట్టు అడ్డంగా ఇరుక్కుంది. గోటితో పీకి, ఊది, మళ్ళీ పెట్టి, బటను ముందే నొక్కేసి, బొటనవేలితో మూత టక్కున మూసేసరికి మూడో చరణం అయిపోయి చివరి పల్లవి మొదలైంది. తలెత్తి చూస్తే గదిలో అందరూ ఆవిడనే చూస్తున్నారు. పాట అవగానే డ్రమ్ములవాడు ముందుకి వంగి, “ఆ చరణం నీ మీదే కట్టాడు, సుద్దముక్కా” అన్నాడు. బొంగురు కూడా చూస్తున్నాడు.

వినలేదని చెప్పడానికి నోరు రాలేదు. విన్నదానిలా నవ్వింది.

వచ్చే శనివారం మళ్ళీ పాడతాడు, అప్పుడు వింటాను అనుకుంది. వచ్చే శనివారానికి షట్టరు నేల దాకా దిగి ఉంది. కొట్టు అమ్ముడుపోయింది. ఆ తరవాతి శనివారాలూ అంతే. క్యాసెట్టు మాత్రం ఆగలేదు. రెండు వైపుల ముక్కలూ కలిపి ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎక్కించుకుంటూ, ప్రతి చేతిలోనూ కాస్త అరుగుతూ తిరిగింది. ఆ టక్కు కూడా దాంతోనే ఊరు దాటింది. పాటకి మూడో చరణం ఉండేదని ఆ గదిలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఆ గదిలో ఉండి కూడా విననిది ఆవిడొక్కతే.

పెళ్ళయింది, పిల్ల పుట్టింది. భర్త మంచివాడు, వార్తలు తప్ప మరో సంగీతం ఎరగడు. అయినా ఏ నీళ్ళపంపు కిందో చేతులు కడుక్కుంటున్నప్పుడు ఆ చరణం గుర్తొచ్చేది. విననిది ఎలా గుర్తొస్తుందో ఆవిడకే అర్థమయ్యేది కాదు.

కుర్ర బ్యాండు వాయించే ఆ శనివారం మధ్యాహ్నం ల్యాబు నుంచి తిన్నగా బస్సెక్కింది. బొంగురు పైపుల కొట్టు పెట్టాడని ఎప్పుడో ఎవరో చెప్పారు. కొట్టులో తెల్ల పైపులు నిలువునా నిలబెట్టి ఉన్నాయి. వాటి వెనక బట్టతల, ముక్కు చివర కళ్ళద్దాలు.

“ఏం సైజు కావాలండీ?” అన్నాడతను తలెత్తకుండా. ఆ గొంతు అరగలేదు.

“ఒక చరణం కావాలి.”

అతను తలెత్తాడు. ముందు ముఖం కేసి కాదు, గల్లా బల్ల మీద ఆనించిన చేతుల కేసి చూశాడు.

“సుద్దముక్కా?”

స్టూలు జరిపాడు. పిల్లల గురించి, మోకాళ్ళ గురించి అడిగాడు. పైపులు కూడా బానే పాడతాయి, కాకపోతే లీకైనప్పుడే అన్నాడు. ఆవిడ నవ్వి, అడగవలసింది అడిగేసింది. ఆ రోజు వినలేదని, క్యాసెట్టు ఇరుక్కుందని చెప్పింది.

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“నవ్వి ఊరుకున్నావుగా,” అన్నాడు. “అదే నీ జవాబనుకున్నాను.”

వీధిలో ఏదో బండి వెళ్ళింది. ఆవిడ తన గోళ్ళ కేసి చూసుకుంది.

“ఏముంది అందులో?”

“చేతుల మీద ఏదో కట్టాను. మాటలు పోయాయి. కాగితం మీద పెట్టలేదుగా, మళ్ళీ పాడనూ లేదు.” అతను కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాడు. “రాగం ఉందేమో చూస్తానుండు.”

పక్కనున్న పైపు మీద వేళ్ళతో దరువు వేశాడు. కళ్ళు మూసుకుని, మాటల్లేకుండా, గొంతులోనే సాగదీశాడు. మొదటి రెండు చరణాల్లా అది ఎగిరిపడలేదు. మెల్లగా దిగింది, చీకట్లో మెట్లు తడుముకుంటూ దిగినట్టు. సగం పైన అయ్యాక మోచేతి గొట్టం కావాలంటూ ఎవరో వచ్చారు. అతను వేలు చూపించి ఆగమని సైగ చేసి, చివరిదాకా పాడాకే లేచాడు.

ఆ సాయంత్రం కూతురు తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఒక భవనం మూడో అంతస్తు, లిఫ్టులో వెళ్ళారు. ఎక్కడా వంగవలసిన పని పడలేదు. పిల్లలు బాగానే వాయించారు. వాళ్ళ నాన్నల వయసున్న పాటని మొన్ననే పుట్టినదానిలా పట్టుకున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు వెలుగుతున్నాయి, ఎవరికి వాళ్ళు ఎక్కించుకుంటున్నారు. ఎవరి పాటా ఎక్కడా తెగదు.

రెండో చరణం ముగిసింది. గదంతా ఒక్క నాలుకతో ‘టక్’ మంది. పాట ముందుకి దూకింది.

ఆవిడ దూకలేదు. కళ్ళు మూసుకుని, గొంతులోనే, మెట్లు దిగడం మొదలుపెట్టింది.

కూతురు చెవి దగ్గరికి వంగింది. “అమ్మా, పాట వెళ్ళిపోయింది. నువ్వు వెనకబడ్డావు.”

ఆవిడ తలూపింది, ఆపలేదు. పిల్ల కాసేపు వేదిక కేసి చూసింది, కాసేపు తల్లి కేసి చూసింది. తరవాత ఫోను కిందికి దించి, తల్లి భుజానికి చెవి ఆనించి నిలబడింది. రాగం చివరి మెట్టు దాకా దిగాక, ఎవరికీ వినపడనంత మెల్లగా, ఆవిడ నాలుకతో మూత మూసింది.