కృష్ణమోహన్ గారి ఏడుపు క్లాసు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కోచింగ్ లేని విద్య లేదు, ఆఖరికి ఏడుపుతో సహా. మా సెంటర్లో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. కృష్ణమోహన్ గారు అమెరికా చదువుల పరీక్షకి ఇంగ్లీషు మాటలు చెప్పేవారు. నా క్లాసులో కునుకు తీసే మహానుభావులే ఆయన క్లాసులో చోటు లేక గుమ్మంలో నిలబడేవారు. నాకు ఒళ్ళు మండేది, దాపరికం దేనికి?

ఆయన మాటకి అర్థం చెప్పి ఊరుకోరు, చేసి చూపిస్తారు. వాటిలో పేరుమోసింది ‘లుగూబ్రియస్’.

"చావుకి శోకించడం అనే లాటిన్ మాటలోంచి పుట్టిందర్రా ఇది. అయితే వట్టి శోకం కాదు, ఎదుటివాడికి నవ్వొచ్చేంత శోకం" అనేవారు. తువ్వాలు నెత్తిన వేసుకుని, ఒకరోజు బామ్మ పోయిందనీ, ఇంకోరోజు మేనత్త పోయిందనీ రాగం తీసేవారు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. యజమాని సురేందర్ ఆ ఏడుపుని కొత్త పిల్లల్ని రాబట్టే ఆదివారం డెమో క్లాసుకి ఎక్కించేశాడు. పాత పిల్లలు స్నేహితుల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చేవారు.

ఇంతలో ఆయన తల్లి కమలకుమారి గారు పంజాగుట్ట ఆసుపత్రిలో కన్నుమూశారు. పెద్దకర్మ అయిన సాయంత్రమే సురేందర్ ఫోను.

"సార్, మీ బాధ నాకెర్కే. గని రేపు డెమో ఉన్నది. జర రాండ్రి."

ఎంత దయామయుడో!

ఆయన గుండుతో, మీసం లేకుండా వచ్చారు. మనవాళ్ళకి గుండు కనిపిస్తే చాలు, తిరుపతే గుర్తొస్తుంది.

"సార్, లడ్డూ ఏది?" అంది ముందు బెంచీ.

"తిరుపతి కాదమ్మా. మా అమ్మ పోయింది."

ఆయన కింది పెదవి వణికింది. హాలంతా గొల్లున నవ్వింది.

"కాదర్రా, నిజంగానే" అన్నారాయన. నవ్వు రెట్టింపయింది. చప్పట్లు కూడా కొట్టారు.

సురేందర్ నా చెవిలో, "అన్నా, సార్ ఇంత మంచిగ ఎన్నడు చెయ్యలె" అన్నాడు.

నేను లేచి, "నోళ్ళు ముయ్యండి, ఆవిడ నిజంగా పోయింది" అని అరిచాను. నన్నూ నాటకంలో కలిపేసుకుని ఇంకా నవ్వారు.

కృష్ణమోహన్ గారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, బోర్డు మీద ‘లుగూబ్రియస్’ అని రాశారు.

"అర్థం ఇదే. చూశారుగా" అన్నారు. "రాసుకోండి."