బుట్టచేతుల గౌను

మా అక్క దర్జీ. పాతకాలపు బట్టలంటే దానికి పిచ్చి. చనిపోయిన మా పెద్దమ్మ ఫొటో చూసి, అచ్చం అలాంటి చుక్కల గౌనే బుట్టచేతులు పెట్టి కుట్టుకుంది. మిగిలిన ముక్కతో గుడ్డపువ్వు చేసి జడలో పెట్టుకుంది. ఒకరోజు ఆ ముస్తాబుతోనే, వృద్ధాశ్రమంలో మతిమరుపుతో మంచం పట్టిన అమ్మకి బంగాళాదుంప కూర వండి తీసుకెళ్ళింది.

అమ్మ మొహం వెలిగిపోయింది. "అక్కా, ఇన్నాళ్ళకి వచ్చావా!" అంటూ గిన్నె ఖాళీ చేసింది.

మర్నాడు అక్క మామూలు బట్టల్లో వెళ్తే, "ఎవరమ్మా నువ్వు?" అని కూరగిన్నె తోసేసింది.

అప్పట్నించీ అక్కకి రోజూ అదే గౌను. చంకలో చిరిగితే అతుకేసి మరీ వేసుకుంటోంది. వీధిలోవాళ్ళు "ఎంత సరదానో ఈవిడకి!" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. సరదాట, వీళ్ళ మొహం!

నిన్న నేనూ వెళ్ళాను. అమ్మ నన్ను నర్సనుకుంటుంది. కడుపునిండా తిని, నాకు వినపడకూడదని గొంతు తగ్గించి, అక్క చెయ్యి పట్టుకుంది.

"నీకు కాక ఎవరికి చెప్పుకోను అక్కా? నా పెద్దకూతురు ఒక్కసారైనా ఇటు తొంగిచూడదు. నువ్వైనా దానికి కాస్త గడ్డి పెట్టు."

"పెడతాలేవే చెల్లీ," అంది మా అక్క, అమ్మ మూతి తుడుస్తూ.