ఇంజన్ మీద పెట్టిన రికార్డు

ఎండాకాలం మధ్యాహ్నం ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే డ్రైవర్ వెనక సీటు దొరికింది. పక్కన పెద్దాయన ఒళ్లో టవల్‌లో చుట్టిన పెద్ద అట్ట. దాని మూల నా మోచేతికి గుచ్చుకుంటోంది.

"ఏందన్నా అది?"

"పాటల రికార్డమ్మా. దీన్ని పాడించే మిషన్ రిపేరుకిచ్చింటి. ఇది పెట్టి సూసినా, బాగ పాడింది. ఇంగా కొంచెం పనుందంట, మిషన్ రేపిస్తాడంట."

"పాటలన్నీ ఫోన్లోనే ఉండంగా దీన్ని మోసుకోని తిరుగుతాండావా? ఆ ఇంజన్ మీద పెట్టు, ఎవురూ ఎత్తుకపోరులే."

ఆయన అలాగే పెట్టాడు.

ఎమ్మిగనూరులో దిగి ఆయన టవల్ విప్పితే, ఇంజన్ వేడికి రికార్డు అప్పడంలా వంకర తిరిగి ఉంది. నేను గబగబా అట్ట మీది పేరు చూసి అవే పాటలు ఫోన్లో వెతికాను. "ఇదో, ఇంకా బాగా వినపడతాది."

"మూడోది పెట్టమ్మా."

పాట సగంలో ఆయన వేలెత్తాడు. ఫోన్ పాడుకుంటూ పోయింది.

"ఈడ ఆగల్లమ్మా. ఈ మాటకాడ ముల్లు ఇరుక్కునేది. మా ఇంటామె వంటింట్లోనుంచి తిట్టుకుంటా వచ్చి, వేలితో జరిపేది. ఆమె పోయినాక నేను జరుపుతాంటి."

పాట వెనక్కి తిప్పి ఆ మాటే మళ్లీ వినిపించాను. ఇంకోసారి వినిపించాను. ఎక్కడా ఇరుక్కోకుండా సాఫీగా సాగిపోయింది.

"ఉండనీలేమ్మా," అని ఆయన ఆ వంకర రికార్డునే మళ్లీ టవల్‌లో జాగ్రత్తగా చుట్టుకున్నాడు.

ఇప్పటికీ ఆ పాట వస్తే, ఆ మాట దగ్గర ఫోన్ మీద వేలు పెడతాను. ఆగుతుంది. కానీ అది నేను ఆపితే ఆగడమే.