వెల్లుల్లి తీసేసిన నూనె

మా సైట్లో అందరూ ఆయన్ని పైవాడు అంటారు. టవర్ క్రేన్ నడుపుతాడు కాబట్టి ఆ పేరు. కాంక్రీటు పోసే రోజుల్లో ఇంజినీరు కూడా, "పైవాడి దయ ఉంటే సాయంత్రానికి స్లాబు అయిపోతుంది" అంటాడు. నేను స్టోరు చూస్తాను. గ్లవ్స్, బెల్టులు, వాకీటాకీ బ్యాటరీలు నా దగ్గరే ఉంటాయి. పొద్దున పైకెక్కే ముందు ఆయన ఆఖరున పలకరించేది నన్ను, దిగాక మొదట పలకరించేదీ నన్నే. నేను అన్నయ్యా అంటాను. తోడబుట్టినవాడేం కాదు. అయినా ఆయనకు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

క్రేన్ క్యాబిన్ అంటే ఓ గాజు పెట్టె. ఒక కుర్చీ, రెండు లివర్లు, తిరిగీ తిరగని ఫ్యాను. నిచ్చెన ఎక్కి అక్కడికి చేరేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. ఒకసారి ఎక్కితే సాయంత్రం దాకా దిగడు. దిగితే కింద పనంతా ఆగిపోతుంది, రాడ్లు కట్టేవాళ్ళ దగ్గర్నుంచి తాపీవాళ్ళ దాకా చేతులు కట్టుకుని పైకి చూస్తారు. అంతమంది చూస్తుండగా దొడ్డికని నిచ్చెన దిగడం ఎవరికి బాగుంటుంది? అందుకని అన్నయ్య నీళ్ళు తాగడం తగ్గించాడు, వచ్చినా ఆపుకోవడం నేర్చుకున్నాడు. ఏళ్ళు గడిచేసరికి ఆపుకోవాల్సిన అవసరమే లేకుండా పోయింది. అసలు రావడమే మానేసింది. పొట్ట డోలులా ఉబ్బేది, లోపల ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టేది. ఎప్పుడో ఒకసారి వెళ్ళొచ్చినా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉండేదట. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఇంట్లో చెప్పుకోలేనివి మనుషులు స్టోరు కిటికీ దగ్గర చెప్పుకుంటారు.

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. పుండు లేదు, గడ్డ లేదు. ఇది ఐబీఎస్, అందులో మలబద్ధకం రకం అన్నాడు డాక్టరు. పేగు కదలిక తీరే తేడాగా ఉంది, ఆపుకునే అలవాటు దానికి తోడైంది, నొప్పి మాత్రం నిజమే అని విడమరిచి చెప్పాడు. ఇంటికి చేరేసరికి అందులో ఒక్క ముక్కే మిగిలింది. పరీక్షల్లో ఏమీ లేదట. వదిన ఆ ముక్కే పట్టుకుంది.

డాక్టరు పంపితే డైటీషియన్ దగ్గరికి వెళ్ళాడు. చిన్నపిల్లే గానీ గట్టిది. ఎవరో చెప్పారని అన్నయ్య గుప్పిళ్ళకొద్దీ గోధుమ తవుడు మింగుతున్నాడు. దానివల్లే ఉబ్బరం ఇంకా పెరుగుతోందని ముందు అది మాన్పించింది. ఓట్స్ తినమంది, పొడి చేసిన అవిసె గింజలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ బోలెడు నీళ్ళతో తీసుకోమంది, రోజూ కివీ పండు తినమంది. ఉల్లి, వెల్లుల్లి, చిక్కుడు గింజలు, గోధుమ కొన్ని వారాలు పూర్తిగా ఆపాలి. కడుపు నెమ్మదించాక ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా తిని చూసి, ఏది పడుతుందో ఏది పడదో తేల్చుకోవాలి. పొద్దున టిఫిను కాగానే హడావిడి పడకుండా, కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని కూర్చోవాలి. క్యాబిన్లో నీళ్ళ సీసాతో పాటు రెండో పనికి ఇంకో సీసా పెట్టుకోవాలి. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల నవ్వలేదని అన్నయ్యకు మహా గౌరవం.

"వెల్లుల్లి లేకుండా ముద్ద ఎలా దిగుతుందమ్మా?" అని అడిగాడట.

"నూనెలో రెబ్బలు వేయించి, రెబ్బలు తీసి పారేయండి. మీ కడుపుతో గొడవ పెట్టుకునే సరుకు నూనెలోకి దిగదు, రెబ్బతోనే పోతుంది. వాసన మాత్రం నూనెలో ఉండిపోతుంది."

ఆ కిటుకు దొరికినందుకు అన్నయ్య సంబరం అంతా ఇంతా కాదు. సైట్లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పి విసిగించాడు.

ఇక బామ్మర్ది సంగతి చెప్పాలి. వదిన తమ్ముడు, మా సైట్లోనే సిగ్నల్ మ్యాన్. లోడు గోడ వెనక్కి వెళ్ళిందంటే పైనున్నవాడికి ఏమీ కనపడదు. కింద నిలబడి వాకీటాకీలో ఎడమకి, కుడికి, కిందికి అని చెప్పేవాడి గొంతే దిక్కు. కింద చెప్పిన ప్రతి మాటకూ పైనుంచి "విన్నాను" అని బదులు రావాలి, ఆ తర్వాతే లివర్ కదలాలి. కింద మాట ఆగిందా, పైన లోడు ఆగిపోవాలి. మళ్ళీ మాట వచ్చేదాకా వేలు కూడా కదపకూడదు. బామ్మర్దికి ఈ పని నేర్పింది అన్నయ్యే. అన్నయ్య కళ్ళు మూసుకుని నమ్మే గొంతు ఈ లోకంలో ఏదైనా ఉందంటే అది అతనిదే. మధ్యాహ్నం డబ్బా తెచ్చేదీ అతనే. వదిన వండేది, అతను తెచ్చి క్రేను కాళ్ళ దగ్గర వేలాడే తాడుకి కట్టేవాడు, అన్నయ్య పైనుంచి లాక్కునేవాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున అన్నయ్య స్టోరు కిటికీలోంచి తల లోపలికి పెట్టి, పరీక్ష పాసైన పిల్లాడిలా గుసగుసలాడాడు. "చెల్లెమ్మా, ఇవాళ కూడా అయింది."

"స్వీట్లు పంచమంటావా?" అన్నాను.

"పంచు. దేనికని అడిగితే మాత్రం నా పేరు చెప్పకు."

అంత నవ్వు ఆయన మొహంలో నేను అంతకుముందు చూడలేదు. ఇంట్లో కూడా బాగైపోయిందని చెప్పుకున్నాడు. ఇక ఒక్కొక్కటే తిని చూసుకుంటానన్నాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. మళ్ళీ పొట్ట ఉబ్బడం మొదలైంది. బాగైందని అంత గొప్పగా చెప్పుకున్నాక, లేదని ఏ మొహంతో చెబుతాడు? అంతా కడుపులోనే దాచుకున్నాడు. కివీ పడటం లేదేమోనని కివీ మానేశాడు. తర్వాత ఓట్స్ మానేశాడు. చిక్కిపోయి, బెల్టుకి కొత్త చిల్లు పొడిచిపెట్టమని నా దగ్గరికి వచ్చాడు. ఒకనాడు ఆ డైటీషియన్ పిల్ల దగ్గరికి వెళ్ళి, నీ చదువూ వద్దు, నీ తిండీ వద్దు అని నానా మాటలూ అని వచ్చాడు. చివరికి ఇంజినీరు దగ్గరికి వెళ్ళి, ఈ నెల పోనిచ్చి ఇంకో ఆపరేటర్ని చూసుకోండి అన్నాడు. మెలిపెట్టే కడుపుతో లివర్ పట్టుకుంటే ఎప్పుడో ఎవడో ఒకడి నెత్తిన రాడ్లు పడతాయని ఆయన భయం. ఆ గాజు పెట్టె తప్ప ఆయనకు వేరే విద్య రాదు. కింద ఏం చేస్తావన్నయ్యా అని అడిగితే, గేటు దగ్గర కూర్చుంటాలే అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, రాడ్ల కట్ట ఒకటి వెనక వైపు లిఫ్టు గుంత దగ్గరికి వెళ్ళాలి. చూపు అందని లోడు. స్టోర్లో నా వాకీటాకీ కూడా అదే చానల్లో ఉంటుంది కాబట్టి అంతా వింటున్నాను.

"ఎడమకి బావా. నెమ్మదిగా. ఇంకొంచెం."

"విన్నాను."

"కిందికి. నెమ్మదిగా కిందికి."

"విన్నాను." ఆ వెంటనే, "ఆపాను. ఒక్క నిమిషం ఆగరా. కడుపు పట్టేసింది."

"పర్లేదు బావా. నీకు వీలైనప్పుడే. ఇక్కడ అడ్డెవరూ లేరు."

తర్వాత అన్నయ్య, ఏ ఉద్దేశమూ లేకుండానే, విసుగ్గా అన్నాడు. "ఓట్స్ మానేశాను, కివీ మానేశాను. ఇంకేం మిగిలిందిరా మానడానికి? ఇవాళ డబ్బాలో మీ అక్క ఏం వేసింది?"

జవాబు లేదు.

క్యారెట్ బావా అంటే సరిపోయేది. గుడ్డు బావా అన్నా సరిపోయేది. ఆ గొంతు తడబడటం మేమెవ్వరం ఎరగం. గాలికి లోడు ఊగినా, ఎవడో వెర్రివాడు కిందకి వచ్చి నిలబడినా, తడుముకోకుండా పలికే గొంతు అది. అలాంటిది నీళ్ళు నమిలింది. చాలాసేపటికి, "అదే బావా... రోజూ వేసేదే" అంది.

"మాట ఆగింది," అన్నాడు అన్నయ్య. ఇంకెవరో మాట్లాడుతున్నట్టు ఉంది ఆయన గొంతు. "లోడు నేరుగా పైకి లేపుతున్నాను. నాకు కనపడే చోట దింపుకుంటాను. నువ్వు మాట్లాడకు."

అన్నట్టే దింపాడు. ఆ తర్వాత నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు. సైటంతా ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఏ చూపులకు భయపడి నీళ్ళు మానేశాడో, ఆ చూపులన్నిటి మధ్యా దిగి వచ్చాడు. నేను స్టోరుకి తాళం కూడా వేయకుండా పరిగెత్తాను.

"ఏం కలిపారు?" అన్నాడు.

బామ్మర్ది నేల చూపులు చూశాడు. "ఉల్లిపాయ, వెల్లుల్లి. ముద్ద నూరి. కొంచెమే బావా."

"ఎప్పట్నుంచి?"

"నీకు బాగైందని నువ్వన్నావు చూడు, అప్పట్నుంచి."

"ఎందుకురా?"

"పరీక్షల్లో ఏమీ లేదన్నారు కదా. అంతా నీ మనసులోనే ఉందనుకున్నాం. చెప్పకుండా పెట్టి చూద్దాం, ఏమీ కాకపోతే అప్పుడు చెప్పి అందరం నవ్వుకుందాం అంది అక్క. నువ్వేమో డబ్బా ఖాళీ చేసి పంపేవాడివి. ఇవాళ్టిదాకా ఒక్కరోజు కూడా నొప్పి అనలేదు. బాగానే ఉన్నావు కదా అని..."

"వాసన వచ్చేదిరా," అన్నాడు అన్నయ్య. "రోజూ వచ్చేది. ఆ వెల్లుల్లి నూనె వాసనేలే అనుకున్నాను."

తిట్టలేదు, చెయ్యెత్తలేదు. రెండు తగిలించినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

బామ్మర్ది క్రేను సీటు మీద కన్నేసి చేశాడని సైట్లో కొందరన్నారు. నేను నమ్మను. సీటు కోసం చేసుంటే దానికో కారణమైనా ఉండేది. వీళ్ళు ఒక మనిషి నొప్పిని అబద్ధమని తేల్చడానికి చేశారు. ఆయన వారాల తరబడి మంచి తిండిని అనుమానించాడు, సాయం చేసిన పిల్లని తిట్టాడు, తన ఒంటిని తనే తిట్టుకున్నాడు. పక్కనున్న ఇద్దరిని తప్ప అందరినీ అనుమానించాడు.

ఇంట్లో ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. వదిన ముందు బుకాయించబోయి, తర్వాత ఏడ్చిందట. "రెండు పొయ్యిల మీద రెండు వంటలు చేసి నా నడుం పడిపోయింది. ఇన్నేళ్ళు నా చేతి వంట తిన్నారు, ఇప్పుడు అదంతా విషమైపోయిందా? ఎవరింటికి వెళ్ళినా నేనేదో చెడు వండి పెట్టినట్టు చూస్తున్నారు" అందట. కష్టమే. నేనూ వండుకునేదాన్నే, నాకు తెలియదా? చేయను పో అనొచ్చు. గరిటె ఆయన చేతికిచ్చి కూర్చోవచ్చు. చేస్తున్నట్టు నటించడం ఏమిటి? ఈ మాట వదిన మొహం మీదే అడగాలని నాకు చాలాసార్లు అనిపించింది.

అన్నయ్య డైటీషియన్ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాడు. ఆ పిల్ల జరిగింది విని, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడదాం అందట. అప్పట్నుంచి తన గిన్నె తనే వండుకుంటున్నాడు. కివీ తిరిగొచ్చింది, ఓట్స్ తిరిగొచ్చాయి. కడుపు నెమ్మదించాక, ఈసారి తెలిసి, ఒక్కొక్కటే తిని చూసుకున్నాడు. గోధుమ కొంచెం పరవాలేదు. వెల్లుల్లి మాత్రం ససేమిరా పడదు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, వస్తే ఎందుకొచ్చిందో ఇప్పుడు ఆయనకు తెలుస్తుంది. పైన ఉండిపోతానని ఇంజినీరుకి చెప్పాడు.

చూపు అందని లోడ్లకు ఇంకో సిగ్నల్ మ్యాన్ కావాలని మాత్రం అడిగాడు. బామ్మర్దిని రాళ్ళు దింపే వైపుకి మార్చారు. కొత్తవాడు చెప్పే ప్రతి మాటకూ అన్నయ్య "విన్నాను" అంటాడు. అని, కాసేపు ఆగి, అప్పుడు కదుపుతాడు. అంతకుముందు ఆ ఆగడం ఉండేది కాదు. పైవాడు ముసలాడైపోయాడని కాంక్రీటువాళ్ళు సణుగుతారు.

మొన్న మధ్యాహ్నం వదిన సైటుకి వచ్చింది. చేతిలో డబ్బా. అన్నయ్య ఇప్పుడు తన డబ్బా తనే పైకి మోసుకెళ్తున్నాడని ఆమెకు తెలుసు. అయినా క్రేను కాళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడ ఊరికే మేకుకి తగిలించి ఉన్న తాడుకి డబ్బా కట్టింది. నా వైపు చూసింది. నాకు కోపమే. అయినా వాకీటాకీ తీసుకుని దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యా, వదిన వచ్చింది. డబ్బా కట్టింది."

పైనుంచి ఆయన గొంతు వచ్చింది. "ఏముంది అందులో?"

వదిన నా చేతిలోంచి వాకీటాకీ తీసుకుంది. పైకి చూస్తూ, ఎక్కడా ఆగకుండా చెప్పింది. "అన్నం. క్యారెట్. గుడ్డు. వెల్లుల్లి నూనె ఒక చెంచా. రెబ్బలు తీసేశానండి. ఇంకేమీ లేదు. నిజంగా ఇంకేమీ లేదండి."

"విన్నాను," అన్నాడు.

వదిన తాడు వైపే చూస్తూ నిలబడింది. నేనూ చూశాను. భోజనాలు ముగిసి, రాడ్లవాళ్ళు గ్లవ్స్ తొడుక్కుని లేచారు. తాడు కదల్లేదు. వదిన డబ్బా విప్పుకుంది. తాడు కొస ముందు ఎలా ఉందో అలాగే మేకుకి తగిలించి వెళ్ళిపోయింది.