ఎనిమిదో షెడ్డు

ముప్పయ్యైదేళ్ళలో ఆదికేశవులు నగరిలో ఏడు మరమగ్గాల షెడ్లు మారాడు. ప్రతిసారీ ఒకటే పద్ధతి. కొత్త ఓనరు వచ్చి, పాత ఓనరు దగ్గర ఇతను తీసుకున్న అడ్వాన్సు కట్టేస్తాడు. పైన ఇంకొంత చేతిలో పెడతాడు. మర్నాడు ఆదికేశవులు క్యారియరు పట్టుకుని కొత్త మగ్గం ముందు నిలబడతాడు. ఆ డబ్బుతోనే పెళ్ళి చేసుకున్నాడు, రేకుల ఇల్లు వేసుకున్నాడు, కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి బిల్లు కట్టాడు. అప్పు మాత్రం తీరలేదు. తీర్చమని ఎవరూ అడగలేదు. వేసవి గాలిలా అది ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డులోకి తిరుగుతూనే ఉంది. అతను దాని వెనక నడుస్తూనే ఉన్నాడు.

కూతురు హేమశ్రీకి ఆ వారం కాళ్ళు ఒకచోట నిలవలేదు. వీధి తలుపు నుంచి పెరటి కొళాయి దాకా, కొళాయి నుంచి మళ్ళీ తలుపు దాకా నడిచేది. ఇంజనీరింగ్ పూర్తయింది. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పదిహేనో తేదీకల్లా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. అవేమో తిరుపతి రోడ్డులో ఆమె చదివిన కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఫీజు బాకీ ఎనభై ఆరువేలు కడితేగానీ బీరువా తెరిచేది లేదన్నారు. బ్యాంకులో అడిగితే, చదువు అయిపోయాక చదువుకు అప్పు ఎట్లా ఇస్తామని నవ్వారు.

పదకొండో తేదీన, గడువు అడుగుదామని ఆమె నాయుడుపేట బయల్దేరింది. ఆదికేశవులు మగ్గం ఆపి, ఉతికిన చొక్కా వేసుకుని వెంట వచ్చాడు. తిరుపతిలో బస్సు మారారు. శ్రీకాళహస్తి దాటాక కొండలు వెనక్కి జరిగిపోయి ఆకాశం ఒక్కసారిగా పెద్దదయింది. ఎర్రటి ఎండలో లారీలు తడ ఊరి ఫ్యాక్టరీల వైపు వరసగా పోతున్నాయి. అతను వాటిని చూస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిపాడు.

ఫ్యాక్టరీ ఆఫీసులో మోహన్‌కృష్ణ అనే కుర్ర ఆఫీసరు ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. హేమశ్రీ నోరు తెరిచేలోపే ఆదికేశవులు అందుకున్నాడు.

"సార్, కాలేజీవోళ్ళకి మా పాప ఎనబై ఆరువేలు బాకీ ఉండాది. అది మీరు కట్టేసి పాపని తెచ్చుకోండి. బాకీ తీరేదాకా మీకాడే పని చేస్తాది. నేను పూచీ."

"నాయనా," అంది హేమశ్రీ గొంతు తగ్గించి.

మోహన్‌కృష్ణకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మేం అడ్వాన్సులు ఇవ్వమండీ. జీతం కూడా నెల పని చేశాకే."

"ముందు దుడ్డు ఇయ్యకుంటే, మనిషి నిలుస్తాదని ఎట్ల నమ్ముతారు సార్?"

"సర్టిఫికెట్లు చూసి."

"అవి ఆడ ఉండాయి గదా."

"అందుకే తెమ్మంటున్నాం. పదిహేను దాటితే లిస్టులో తర్వాతి వాళ్ళని పిలుస్తాం. నా చేతిలో ఏం లేదు."

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు హేమశ్రీ ముఖం తిప్పుకునే మాట్లాడింది. "నన్ను అమ్మడానికి వచ్చినావా?"

"అమ్మేదేంది పాపా. మనిషి మీద దుడ్డు పెడితే గదా మనిషికి ఇలువ. నేనేమన్నా కొత్తగా అడిగినానా?"

"నీ కాలం వేరే."

"వేరేనే. నన్ను ఒక్కడన్నా కాయితం అడిగినాడా?"

బస్సు వచ్చింది. దారి పొడుగునా ఇద్దరి మధ్య సీటు ఖాళీగా ఊగుతూ వచ్చింది.

మర్నాడు ఆదికేశవులు ఏకాంబరకుప్పంలో గుణశేఖర్ షెడ్డుకు వెళ్ళాడు. ఏడాదిగా పిలుస్తున్న ఓనరు అతను. ఇప్పటి ఓనరు జయరావుకు కట్టాల్సిన నలభై వేలు, కాలేజీకి ఎనభై ఆరు. మొత్తం లక్షా ఇరవయ్యారు వేలు అడిగాడు. సంగతి తెలిసి హేమశ్రీ చెప్పులు వేసుకున్నదో లేదో చూసుకోకుండా పరుగున వచ్చింది.

గుణశేఖర్ నోటుపుస్తకం మూసి పెట్టి కూర్చున్నాడు. "నీకు యాబై నాలుగేండ్లబ్బా. ఇంత దుడ్డు నీ ఒక్కడి మీద యాడ పెట్టేది? మీ ఇంట్లో వరదమ్మక్క కూడా వచ్చి కండెలకి నూలు సుట్టాల."

"వస్తాది," అన్నాడు ఆదికేశవులు.

మగ్గాల మోతలో హేమశ్రీ గొంతు పెంచింది. "మా అమ్మ రాదు. అన్నా, నేను సంతకం పెడతా. నెలకి ఐదువేలు నా జీతంలో నుంచి పంపిస్తా. రెండేండ్లు దాటి రెండు నెల్లకి మొత్తం తీరిపోతాది. అట్లనే రాయండి."

గుణశేఖర్ ముఖం మబ్బేసింది. "తీర్చమని నేను అడిగినానా పాపా? బాకీ తీరితే మనిషి యాడికైనా పోతాడు. మళ్ళా నేను మగ్గానికి మనిషిని యాడ ఎతకాల?"

ఆదికేశవులు కూతుర్ని చెయ్యి పట్టి వాకిట్లోకి తీసుకుపోయాడు. "అట్ల అడగొద్దు పాపా. నా మీద దుడ్డు ఉండాదనే గదా, దగ్గొచ్చినా జరమొచ్చినా పనికి పిలుసుకోని పోతారు. బాకీ లేని ముసిలోడ్ని ఎవురు పెట్టుకుంటారు?"

ముప్పయ్యైదేళ్ళుగా నాయన మోస్తున్నాడనుకున్న అప్పునే అతను ఊతగా పట్టుకుని నిలబడ్డాడని హేమశ్రీకి అప్పుడు తెలిసింది. వాకిట్లో ఆరేసిన రంగు నూలు గాలికి ఆమె భుజానికి తగులుతూ ఉంది. గడువు ఇంకా మూడు రోజులే.

లోపలికి వెళ్ళి, "రాయండన్నా. మా అమ్మ పేరు వద్దు, ఐదువేలు రాయండి," అంది. "రాయకపోతే ఇంకో షెడ్డు చూసుకుంటాం."

ఆదికేశవులు చెయ్యి మంచి చెయ్యి. దారాలు తెగవు. ఆ చెయ్యిని వదులుకోవడం ఇష్టం లేక గుణశేఖర్ రాశాడు. ఆమె సంతకం పెట్టింది. తండ్రి ఆ కాగితం వైపు చూడలేదు.

పద్నాలుగో తేదీన కాలేజీ బీరువా తెరుచుకుంది. పదిహేనున హేమశ్రీ ఉద్యోగంలో చేరింది.

మొదటి జీతం పడిన ఉదయం ఐదువేలు గుణశేఖర్ ఫోనుకు చేరాయి. అతను మగ్గాల మధ్య నుంచి నడిచి వచ్చి, ఆదికేశవులు చెవి దగ్గర అరిచి చెప్పాడు. "మీ పాప కట్టేసిందబ్బా, మాట తప్పలా."

"అయితే నా మీద దుడ్డు ఐదువేలు తగ్గినట్టే," అన్నాడు ఆదికేశవులు. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకున్నా అతను మగ్గం ఆపలేదు. ఆ రోజు ఎప్పటికన్నా రెండు మీటర్లు ఎక్కువ నేశాడు.